తబిత గీసిన పన్నెండు ఇళ్ళు

రాజమండ్రిలోని ఒక పట్టుచీరల షాపులో, అద్దాల వెనక బొమ్మలకు తొడిగిన ప్రతి పెళ్ళి జాకెట్టూ తబిత గీసిన డిజైనే. పేరు మాత్రం యజమాని కోడలిది. పేపర్లో ఆ కోడలి ఫొటో వేసి "యువ డిజైనర్" అని రాసినా తబిత మాట్లాడలేదు. చదివి పక్కన పెట్టి, మళ్ళీ పనిలో కూర్చుంది. అలా ఎనిమిదేళ్ళు. నోరెత్తకపోవడం ఆమెకు మంచితనంలాగే కనిపించేది.

తొంభై ఆరు తుఫాను తర్వాత చర్చి వాళ్ళతో కలిసి కోనసీమలో చీరలు పంచడానికి వెళ్ళింది. చీర ఆరేసుకోవడానికి గోడైనా మిగలని ఆడవాళ్ళకు చీరలిస్తున్నందుకు సిగ్గుపడింది. షాపు మానేసి, పేదలకు ఇళ్ళు కట్టించే ఒక సొసైటీలో చేరింది. గోడల బలం ఇంజనీరు చూసుకునేవాడు. మనుషుల కొలతలు ఈమెవి. ఎవరు ఎక్కడ కూర్చుని వండుతారు, మోకాళ్ళ నొప్పులతో లేవడానికి ఎంత జాగా కావాలి, అన్నీ టేపుతో కొలిచేది.

"ఏంటమ్మాయ్, ఇంటికి జాకెట్టు కుడతావా?" అంది సముద్రం ఒడ్డు ఊళ్ళో చేపలమ్మే ముసలామె పాపాయి. ఆమెతో కలిపి అక్కడ పన్నెండు కుటుంబాలకు ఇళ్ళు మంజూరయ్యాయి.

"అవును మామ్మా. బిగుతైతే మళ్ళీ విప్పలేం కదా!"

మగ్గం పనిలో జాకెట్టు చేతులకు, గీత రెండు వైపులా కనిపించే బటర్ పేపరు ఒకటే వాడతారు. ఒక చేతికి ఇటు వేసి, రెండో చేతికి తిరగేస్తారు. అందుకే కాగితానికి ముందూ వెనకా గుర్తు పెట్టే అలవాటు తబితకు లేదు. ఇంటి ప్లాను కూడా బటర్ పేపరు మీదే గీసింది. చదువు రానివాళ్ళకూ తెలియాలని అక్షరం ముక్క లేకుండా పొయ్యి, మంచం, కిటికీ బొమ్మలు వేసింది. తుఫాను గాలి వచ్చే సముద్రం వైపు నిండు గోడ. ఊరి వైపు వసారా, పెద్ద కిటికీలు. ఏది ఎటో మాత్రం కాగితం మీద గుర్తు లేదు. కాగితం మేస్త్రి వీరబ్రహ్మానికి ఇచ్చి, టైఫాయిడ్‌తో రెండు నెలలు మంచాన పడింది.

లేచి వెళ్ళేసరికి పన్నెండు ఇళ్ళకూ రేకులు వేసేశారు. వసారాలన్నీ సముద్రాన్ని చూస్తున్నాయి.

"కాగితం తిరగేశారండీ!" అంది.

"ఎటు చూసినా ఒకేలా ఉందమ్మా. తూర్పు ముఖం వచ్చిందని అందరూ సంబరపడుతుంటే!" అన్నాడు వీరబ్రహ్మం.

సొసైటీ ఆఫీసుకు వెళితే కార్యదర్శి సత్యప్రసాద్ తలుపు దగ్గరగా వేశాడు. "వచ్చే వారం ప్రారంభోత్సవం తబితగారూ. ఇది బయటికొస్తే రెండో విడత ఇళ్ళు రావు. ఆ పాపం మీరు మోస్తారా?"

తబిత మళ్ళీ నోరు మూసుకుంది. రెండేళ్ళు. రేడియోలో వాయుగుండం అన్న మాట వింటే పని ఆపి, అది తీరం దాటేది ఎక్కడో చివరిదాకా వినేది. "నీ ఇల్లు బండరాయమ్మా, బండరాయి!" అని పాపాయి మెచ్చుకున్నప్పుడల్లా మాట మార్చేది. గాలి వసారాలోకి జొరబడి, రేకుల్ని కింది నుంచి ఎత్తుతుంది. ఆ ఇళ్ళలో ఉండేవాళ్ళకు ఆ సంగతి తెలియదు.

రెండు వేల మూడు డిసెంబరులో తుఫాను హెచ్చరిక వచ్చింది. తబిత దొరికిన బస్సెక్కి మధ్యాహ్నానికి చేరింది. పాకల్లోని జనం మూటలతో బడి మేడకు పోతున్నారు. కాలనీ వాళ్ళు మాత్రం కదల్లేదు. పైగా పాపాయి కూతుర్నీ మనవల్నీ పాకలోంచి తన ఇంటికే తెచ్చుకుంది. ఆ ఒక్క గదిలో తొమ్మిది మంది.

"మామ్మా, బడికి పదండి. ఈ ఇల్లు ఆగదు."

"నువ్వు కట్టిందేగా? పిరికిదానా!" నవ్వింది పాపాయి.

"ప్లాను తిరగేసి కట్టారు. గాలి నేరుగా లోపలికొస్తుంది."

"ఎప్పుడు తెలిసింది?"

"రెండేళ్ళ కిందట."

నవ్వు ఆగిపోయింది. నెత్తి మీద రేకు టపటపా కొట్టుకుంది.

"పిల్లల్ని పడుకోబెడుతున్నామని తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

పాపాయి చిన్న మనవణ్ణి చంకనేసుకుంది. "లేవండే! దీని సంగతి తర్వాత." తబిత వానలో ఇంటింటికీ పరిగెత్తి అదే మాట పన్నెండుసార్లు చెప్పింది, పన్నెండుసార్లు తిట్లు తింది. పొద్దుగూకేలోపు నాలుగిళ్ళ రేకులు లేచిపోయాయి. పాపాయి మంచం మీద విరిగిన రేకు ముక్క నిలువునా దిగబడి ఉంది. మంచం మీద ఎవరూ లేరు.

పాపాయి ఈనాటికీ తబితతో మాట్లాడదు. రెండో విడత ఇళ్ళు రాలేదు. మిగిలిన ఎనిమిది వసారాలు ఇంకా సముద్రం వైపే తెరుచుకుని ఉన్నాయి. అడ్డుగోడల కోసం తబిత ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది, ఈసారి తన తప్పు తానే ముందు చెప్పుకుంటూ.

చదివేవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాను. మీ ఊళ్ళో పేదల కాలనీకి పునాదుల ముగ్గు పోసే రోజున వెళ్ళండి. ప్లాను అడగండి. ఉండబోయేవాళ్ళ ముందు దాన్ని నేల మీద గీయించండి, గాలి ఎటునుంచి వస్తుందో వాళ్ళనే చెప్పమనండి. ఇప్పటికే కట్టేసి ఉంటే, లోపం మీకు తెలిసి ఉంటే, వచ్చే వాయుగుండం దాకా ఆగకండి. ఈ వారమే చెప్పండి.