అర్థమైందంటే ఒప్పుకోని మాస్టారు

మా మాస్టారికి ఒక్క మాట గిట్టదు: "అర్థమైంది." ఎవరైనా పొరపాటున ఆ మాటన్నారో, బోర్డు మొత్తం తుడిచేసి పాఠం మొదటినుంచి ఎత్తుకునేవారు. అందుకే ఆయనకు 'మళ్ళీ మాస్టారు' అని పేరు పెట్టుకున్నాం.

నిజానికి ఆయన మాస్టారు కాదు, సముద్రంలో చమురు బావులు తవ్వే కంపెనీలో ఇంజనీరు. ఆ తవ్వకాలకు అనుమతులిచ్చే ప్రభుత్వాఫీసులో మేం తనిఖీ అధికారులం. సంతకం పెట్టడం వచ్చుగానీ దేనిమీద పెడుతున్నామో తెలిసేది కాదు. మాకు చదువు చెప్పడానికి ఆయన ప్రతి బుధవారం వచ్చేవారు. ముసురు పట్టిందంటే మా గది గోడలు చెమ్మెక్కి, బల్లమీది కాగితాలు మెత్తబడిపోయేవి. అక్కడ గంటసేపు కూర్చుంటే ఎంత హుషారైన మనిషికైనా బతుకుమీద విరక్తి పుట్టేది.

మా పెద్దాఫీసరు ఒకసారి హోదాకొద్దీ అర్థమైందనేశారు. సంతోషమని, అయితే బోర్డు దగ్గరికొచ్చి చెప్పమని మాస్టారు సుద్దముక్క అందించారు. మరుసటి వారం నుంచి పెద్దాఫీసరుకు బుధవారాల్లో పంటినొప్పి మొదలైంది.

అర్థం కాలేదన్నవాళ్ళకు మాత్రం జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చేవారు. నలభై దాటినవాళ్ళం, పిప్పరమెంట్లకోసం పోటీలుపడి మొద్దులమయ్యాం. నా జేబుల్లో చుట్టుకాగితాలు చూసి మా ఆవిడ నిలదీస్తే సంగతి చెప్పాను. "అలాగైతే ఈపాటికి మీరు కొట్టు పెట్టుకోవచ్చు," అంది.

ఒకసారి నన్ను తనిఖీకి రిగ్గుమీదికి పంపారు. సముద్రం మధ్య ఇనుప దిమ్మె, దానిమీద నూట ఇరవైమంది. తవ్విన బావిని సిమెంటుతో మూశారు. ఆ మూత పట్టిందో లేదో చూడాలంటే పైన ఒత్తిడి సున్నాకు దించి వదిలేస్తారు. ఒత్తిడి చూపే గేజీ ముల్లు అక్కడే ఉండాలి. లేచిందంటే కింద బావి ఇంకా బతికే ఉందన్నమాట.

ముల్లు లేచింది. మూడుసార్లు దించారు, మూడుసార్లూ లేచింది. తప్పు గేజీదేనని, సంతకం పెట్టేస్తే తుఫాను రాకముందే బయల్దేరొచ్చని రిగ్గు మేనేజరు మెత్తగా చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గంగిరెద్దుల్లా తలలూపారు. కంపెనీ తరఫున వచ్చిన మాస్టారు ఓ మూల కూర్చుని నేలచూపులు చూస్తున్నారు. నేను పుట్టుపిరికివాణ్ణి. కలం తీశాను.

"అర్థమైందా అండీ?" అన్నారు మాస్టారు, తలెత్తకుండానే.

"అర్థం కాలేదండీ," అన్నాను.

"అధికారిగారికి అర్థం కాలేదట," అన్నారాయన మేనేజరుతో, ఎంతో విచారంగా. "అర్థంకాని దానిమీద సంతకం పెట్టమనలేం కదా. మళ్ళీ చేద్దాం."

గేజీ మార్చి మళ్ళీ చేస్తే సిమెంటు పట్టలేదని, గ్యాసు పైకొస్తోందని తేలింది. సరిచేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. నేను పనికిమాలిన మొద్దునని మేనేజరు మా పైవాళ్ళకు రాశాడు. నూట ఇరవైమందీ ఇళ్ళకు చేరారు.

మాస్టారు రిటైరయ్యాక, అధికారులకు చదువు చెప్పిన నిపుణుడని ప్రభుత్వం ఆయన్ని సన్మానించింది. అదే చెమ్మ గది, సగం కుర్చీలు ఖాళీ. జ్ఞాపికమీద ఆయన పేరు తప్పు పడింది. ఆయన అది చూసి, జ్ఞాపికను సంచీలో పెట్టేసుకున్నారు. నాకు మనసు చివుక్కుమంది.

సభ ముగిశాక పక్కన కూర్చుని నిజం చెప్పేశాను. "ఆ రోజు రిగ్గుమీద నాకు అర్థమైందండీ. తప్పని చెప్పడానికి నోరు రాలేదు."

"తెలుసు," అన్నారు. పూర్వం వేరే రిగ్గుమీద ఆయన శిష్యుడే ఒకడు ఇలాగే నోరు రాక సంతకం పెట్టేశాడట. బావి పేలి పదకొండుమంది పోయారట. "అన్నీ తెలిసినవాడేనండీ. భయస్థుడు, అంతే. తప్పు అనాలంటే ధైర్యం కావాలి. అది నేర్పడం నావల్ల కాదు. అర్థం కాలేదనడానికైతే ఎంత పిరికివాడికైనా నోరు తిరుగుతుంది. అందుకని అదొక్కటే నేర్పుకుంటూ వచ్చా."

తర్వాత ఆయనే నా వైపు వంగారు.

"ఆ సిమెంటుమీద నాకు ముందునుంచీ అనుమానమే. మావాళ్ళకు రెండుసార్లు చెప్పా, వినలేదు. అందుకే తనిఖీకి మిమ్మల్నే పంపమని మీ పెద్దాఫీసర్ని బతిమాలా. మీ అంత నమ్మకమైన మొద్దు ఈ ఆఫీసులో ఇంకొకరు లేరని చెప్పా."

నా సర్వీసు మొత్తంలో నాకు దక్కిన ప్రశంస అదొక్కటే.