రెండు సైకిళ్ల కరీముద్దీన్

అన్న దుకాణంలో ఉన్నన్నాళ్లూ కరీముద్దీన్ పొద్దున చాయ్ తాగేముందు సైకిళ్ల టైర్ల మీది మట్టి గోటితో గీకి చూసేవాడు. ఎర్ర మొరం అయితే ములుగు దిక్కు. నల్లరేగడి అయితే నెక్కొండ దిక్కు. సన్న ఇసుక అంటుకుని ఉంటే ఏదో వాగు దాటి వచ్చినట్టు. తను పోని చోటికి తమ సైకిలు పోయి వచ్చిందని తెలిసిన రోజు ఆయనకు చాయ్ సయించేది కాదు.

హన్మకొండ చౌరస్తా దగ్గరి ఆ కిరాయి సైకిళ్ల దుకాణం అన్న ఖాజా పాషాది. మడ్‌గార్డుల మీద తెల్లరంగుతో అంకెలు వేసిన పద్నాలుగు సైకిళ్లు. ఖాజా పాషాకు ఒకటే నియమం: తెలియని మనిషికి సైకిలు ఇవ్వాలంటే తెలిసిన మనిషి ఒకరు జమానత్ నిలబడాలి, పూచీ పడాలి. ఆయన స్టూలు మీద కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. తమ్ముడు పది నిమిషాలు కూర్చోలేడు. గాలి కొడతాడు, చైనుకు నూనె వేస్తాడు, బిగించిన నట్టునే మళ్లీ బిగిస్తాడు, రోడ్డు మీదికి పోయి నిలబడతాడు.

“స్టూలు మీద ముండ్లున్నయారా?” అనేవాడు అన్న.

“కాళ్లు గుంజుతున్నయి భాయ్.”

చెప్పిన రోజుకు రాని సైకిలును ఊరికి పోయి తెచ్చే పని కరీముద్దీన్‌ది. ఒక సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు, రెండు సైకిళ్లతో వచ్చేవాడు. ఒకదాని మీద కూర్చుని, ఎడమచేత్తో రెండోదాని హ్యాండిల్ నడుమ పట్టుకుని పక్కనే నడిపించుకు రావడం. తారు రోడ్డు మీద సైకిల్ దుకాణాల వాళ్లందరికీ వచ్చిన విద్యే అది. కరీముద్దీన్ మాత్రం మొరం దారిలో, దిగుడులో కూడా కాలు కింద పెట్టేవాడు కాదు. పక్క సైకిలు గుంతలో పడబోతుంటే భుజానికే తెలిసేది. అలాగే ఆత్మకూరు దాటాక మోదుగ పొదలు చూశాడు, మల్లంపల్లి ఎర్రనేలలు చూశాడు, పాకాల అడవి గాలి పీల్చాడు. ఏదీ ఆగి చూసింది కాదు.

కానీ ఆ పని వారానికొక్కసారి కూడా తగిలేది కాదు. అందుకే అన్న నమాజుకో భోజనానికో పోయినప్పుడు దూరపు ఊరి మనిషి వస్తే కరీముద్దీన్ జమానత్ అడగడం మానేశాడు. దారి సంగతి అడిగేవాడు. తను చూడని దారి అయితే సైకిలు ఇచ్చేసి, అది తిరిగి రాకూడదని లోలోపల కోరుకునేవాడు.

ఎనభై ఒకటిలో, ఎండలు మొదలవుతుండగా, ఖాజా పాషా మూడేళ్ల తర్వాత ఒక కొత్త సైకిలు కొన్నాడు. దానికి పదిహేనో నంబరు. వారం తిరగకముందే, అన్న భోజనానికి పోయిన వేళ, ఉప్పలయ్య అనే రైతు వచ్చి కరీముద్దీన్‌ను మూడు రోజులకు సైకిలు కావాలన్నాడు.

“మీది ఏ ఊరు?”

“పాలంపేట అవతల.”

“రోడ్డు ఎట్లుంటదే అటు?”

“జంగాలపల్లి దాటినంక మొరమే. గుట్టల పక్క పొంటి పోవాలె.”

కరీముద్దీన్ పదిహేనో నంబరు తీసి ఇచ్చాడు.

పది రోజులైనా సైకిలు రాలేదు. అన్న గొంతు పెంచలేదు. “బస్సుల పో. దానిమీదనే ఎక్కి సీదా రా. కొత్తదానికి రంగు గీరుకపోవద్దు. సైకిల్ లేకుంట వస్తే మాత్రం నిన్ను ఇగ ఊర్లకు పంప,” అన్నాడు.

కరీముద్దీన్ బస్సెక్కలేదు. తెల్లారకముందే పాత మూడో నంబరు తీసుకుని బయలుదేరాడు. మధ్యాహ్నానికి జంగాలపల్లిలో యాకమ్మ హోటల్ దగ్గర చాయ్ తాగి దారి అడిగాడు.

“తిన్నంగ పో కొడుకా, మంచి రోడ్డు. గుట్టల మీదికెల్లి ఇంకోటి ఉన్నది గని, దాంట్ల పసులే పోతయ్,” అంది యాకమ్మ.

ఆ రెండో మాట చాలు. గుండ్రాళ్లు, టైరు కింద జారే మొరం. మద్ది చెట్ల సందున ఒక మలుపులో రామప్ప చెరువు నీళ్లు మెరిశాయి, ఇంకో మలుపులో మాయమయ్యాయి. రెండుసార్లు పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. పైకి చేరాక కూడా కూర్చోలేదు. దారి అవతల ఎటు దిగుతుందో కనబడగానే మళ్లీ సైకిలెక్కాడు.

ఉప్పలయ్య ఇంటి ముందు ఆయన భార్య చిలుకమ్మ మిరపకాయలు ఎండబోస్తోంది.

“మా అమ్మకు పాణం బాగలేక ఆలస్యమైంది తమ్మీ. మీ సైకిల్ ఇచ్చొస్తనని ఇయ్యాల పగటాల బువ్వ తిని పోయిండు. ఎదురు రాలేదా?”

“నేను గుట్ట మీదికెల్లి వచ్చిన.”

“ఆడికెల్లా! నీ సైకిల్‌కేమన్న కొమ్ములున్నయా?” అని చిలుకమ్మ నవ్వింది.

సైకిలు దక్కింది. మనసు కుదుటపడాలి, పడలేదు. రెండు సైకిళ్లతో వెనుదిరగాల్సిన మనిషికి ఎడమచేయి ఖాళీగా ఉంది. ఆ రాత్రి వాళ్ల అరుగు మీద పడుకుని, తెల్లవారి హన్మకొండ దిక్కు కాకుండా తాడ్వాయి అడవి దిక్కు తిరిగాడు. మేడారం చేరాడు. జాతర లేని ఏడాది. గద్దెల దగ్గర ఇద్దరు ముసలివాళ్లు, వాగులో ఇసుక. అక్కడా గంటసేపు నిలవలేకపోయాడు.

మూడో రోజు సాయంత్రం ఇల్లు చేరేసరికి ఖాజా పాషా గడపలో నిలబడి ఉన్నాడు.

“సైకిల్ నువ్వు పోయిన నాడే వచ్చింది. నువ్వే రాలే. రెండు దినాల సంది దవాఖానల పొంటి తిరుగుతాన. మీ భాబీ ముద్ద ముట్టలే.”

కరీముద్దీన్ మూడో నంబరును గోడకు ఆనించాడు.

“ఆ ఉప్పలయ్య ఏమన్నడో ఎరుకేనా? మీ తమ్ముడు మస్తు మంచోడు, జమానత్ గూడ అడగలే, రోడ్డు ఎట్లుంటదనే అడిగిండు అన్నడు. మర్చిపోయినవారా?”

అవునంటే అయిపోయేది.

“మర్చిపోలే భాయ్. జమానత్ ఉంటే టయానికి తెస్తరు. తెస్తే నేనేడికి పోత?”

లోపల వదిన రహీమాబీ ఫక్కున నవ్వి, భర్త మొహం చూసి ఆపేసింది.

“అంటె నా సైకిళ్లు రావద్దని దువా చేసినవన్నట్టు,” అన్నాడు ఖాజా పాషా.

మర్నాటి నుంచి ఊళ్లకు పోయే పని పక్క దుకాణం మెకానిక్ సారంగపాణికి అప్పగించాడు. కరీముద్దీన్‌కు స్టూలు మిగిలింది. పందొమ్మిది రోజులు కూర్చున్నాడు. అన్నం తగ్గింది. చౌరస్తాలో ములుగు బస్సు హారన్ వినబడితే చేతిలో స్పానర్ ఆగిపోయేది.

ఇరవయ్యో రోజు ఏదో పని మీద పట్నం వచ్చిన ఉప్పలయ్య దుకాణం ముందు ఆగాడు. “మా దిక్కు టపా సంచి మోసేటాయన బంద్ చేసిండు. ఆ గుట్టల దారంటే ఎవ్వరు ముందటికి వస్తలేరు,” అన్నాడు. కరీముద్దీన్ జీతం అడగలేదు. ఎప్పుడు రావాలని అడిగాడు.

బయలుదేరిన రోజు ఖాజా పాషా దుకాణంలోంచి బయటికి రాలేదు. రెండేళ్లు తమ్ముడితో మాట్లాడలేదు.

ఇప్పుడు, ఎనభై ఎనిమిదిలో, కరీముద్దీన్ పాలంపేట అవతల ఒక పెంకుటింట్లో ఉంటున్నాడు. రోజూ ఐదూళ్లకు టపా తీసుకుపోతాడు. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. అయినా కాళ్లు గుంజుతున్నాయని ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.