చప్పుడు కాని తలుపు

మా ఆయన ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశారు. రోజంతా విజిలూ, హారనూ, సీట్ల కోసం తగువులూ. ఇంటికి రాగానే ముందుగదిలో తలుపేసుకుని అరగంట ధ్యానం చేసుకునేవారు. అది లేని రోజు మనిషి మనిషిలా ఉండేవారు కాదు.

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. బడి కబుర్లన్నీ మోసుకొచ్చి ఆ తలుపుకే ఆనుకుని కూర్చునేది. ఉండబట్టలేక, "నాన్నా, ఇవాళ ఏమైందో తెలుసా?" అని అరిచేది. నేను వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి దాని నోరు మూసేదాన్ని.

"ష్! నాన్న లేచాక చెబుదువుగాని."

ఆయన లేచి వచ్చి, "ఏంటమ్మా?" అంటే, "ఏం లేదు," అనేది.

ధ్యానం మంచిదే, ఎవరు కాదన్నారు? ముందు పిల్ల మాట విని, ఆ తర్వాత కూర్చుంటే ఏం మునిగిపోయేది? ఆ ముక్క అప్పుడు నాకూ తోచి చావలేదు.

ఇప్పుడాయన రిటైరయ్యారు. అమ్మాయి ఉద్యోగం చేస్తోంది. సాయంత్రాలు ఆయన అదే గదిలో తలుపు బార్లా తీసి కూర్చుంటారు. కళ్లు మూసే ఉంటాయి గానీ చెవులు మాత్రం మెట్ల మీదే. నాకు తెలియదా ఆ ముఖం!

నిన్న అమ్మాయి రాగానే చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ల మీద నడిచింది. ఆయన గబుక్కున కళ్లు తెరిచారు.

"ఇవాళ ఆఫీసులో ఏమైందమ్మా?"

"ఏం లేదు నాన్నా, నువ్వు కానివ్వు," అంటూ వెళ్తూ వెళ్తూ తలుపు మూసింది.

గడియ చప్పుడు కూడా కాలేదు. అలా మూయడం దానికి నేర్పింది నేనే.