ముసుగు కట్టిన ఖర్జూరాలు

ఒక తోట కాపు పోవాలంటే పురుగైనా పట్టాలి, తెగులైనా రావాలి, వడగళ్లైనా కురవాలి. ఇవేవీ లేకుండా, నిక్షేపంలాంటి తోటను నేనొక్కడినే గంగలో ఎలా కలిపానో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. మా ఆవిడ సుజాత ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

హనుమకొండలో మాది హార్డ్‌వేర్ షాపు. గల్లాపెట్టె ముందు కూర్చునేవాడికి అనుమానం కళ్లజోడు లాంటిది, తీస్తే ఏమీ కనపడదు. పరకాల దగ్గరి చేనులో పత్తి మానేసి ఖర్జూరం పెట్టినప్పుడే సుజాత తేల్చి చెప్పింది, "తొలికాపు రాకుంటే చెట్లు తీసేసి మళ్ల పత్తే" అని. నా పరువంతా ఆ కాపు మీదే ఉంది.

ఖర్జూరంలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మగ పువ్వుల పుప్పొడిని ఆడ గెలల మీద మనమే చల్లాలి. అందుకని పుప్పొడీ, పొడుగాటి గొట్టమున్న మెషినూ కొన్నాను. ఇంతలో పక్క చేనులో కొమురయ్య మామ కల్లు గీసే ఈత చెట్లు నా కంట పడ్డాయి. ఈత కూడా ఖర్జూరానికి చుట్టమే. ఆ పొడి గాలికొచ్చి నా మేలు రకం గెలల మీద పడితే కాయ నాసిరకమైపోదూ?

"మామా, నీ ఈత చెట్ల పువ్వులు కోసెయ్యరాదు?" అన్నాను.

"ఎందుకు అల్లుడా? అవి నిన్నేమన్నయి?"

"ఏమనలే. అందుకే అనుమానం."

"జర దవాఖానల చూపించుకో" అన్నాడు మామ.

ఏ కుట్రా లేనివాడైతే పువ్వులు కోసేవాడు కదా? ఆ రోజే గెలలకు దళసరి గుడ్డ సంచులు తొడిగి, మూతులు బిగించి కట్టించాను. తర్వాత మెషిన్‌తో ఆ సంచుల మీదే పుప్పొడి కొట్టడం మొదలుపెట్టాను.

"సంచులు విప్పరా?" అంది సుజాత.

"విప్పితే ఈత పొడి పోతది."

"మరి మన పొడి ఎట్ల పోతదండి?"

"మనది మెషిన్. జోరుగ కొడితే దూరుతది. ఆయనది ఉత్త గాలి."

ఆమె చూసిన చూపుకి, ఈవిడ కూడా మామ పార్టీలో చేరిందా అని అనుమానం వచ్చింది. కోతల కాలం దాకా ఎవరినీ సంచులు ముట్టుకోనివ్వలేదు.

తీరా విప్పితే లోపల శనగగింజలంత పిందెలు. ముట్టుకుంటే రాలిపోయాయి. మెషిన్ అమ్మినవాణ్ణి అనుమానించాను, పుప్పొడి ఇచ్చినవాణ్ణి అనుమానించాను. ఇక అనుమానించడానికి ఎవరూ మిగలక ఏడుపొచ్చింది. "ఇగ పత్తి గింజలు తెచ్చుకుందాం" అంది సుజాత మెల్లగా.

అప్పుడే గట్టు దగ్గర నుంచి మామ కేకేశాడు, "అల్లుడా, ఇటు జూడు" అని.

అక్కడ ఈత చెట్లను ఆనుకుని నాదే ఒక ఖర్జూరం చెట్టుంది. సంచులు చాలలేదు, ఎలాగూ చెడిపోయిందే కదా అని దానికి మెషిన్ కూడా పట్టలేదు, అసలు అటు వైపు చూడడమే మానేశాను. అది పసుపుపచ్చటి గెలల బరువుకి వంగిపోయి ఉంది.

మామ ఒక కాయ కొరికి తాపీగా నమిలాడు. "మంచిగున్నది. మా పిలగాడు, మీ పిల్ల ఒక్కటైన్రు. ఇగ నన్ను మామ అనుడు బంద్ చెయ్యి. మనం వియ్యంకులం."

సుజాత పత్తి మాట మరో ఏడాదికి వాయిదా వేసింది. మెషిన్ మాత్రం నా చేతిలోంచి లాగేసుకుంది. నేను ఆ చెట్టు కింద నిలబడి, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేశాను. అనుమానించడం మానను, అది నా వల్ల కాదు. ఇకమీదట ఎవరిని అనుమానించినా, సంచి విప్పాకే.