సీలు తియ్యకూడని పెన్ను

కాలికి తొడిగి చూడకుండా మీరు చెప్పులు కొంటారా? కొనరు. పుచ్చకాయనైనా తట్టి చూడకుండా సంచిలో వేసుకోరు. మరి మీ పిల్ల జీవితం తేలిపోయే పరీక్షకి, ఒక్క అక్షరం కూడా రాసి చూడని పెన్ను చేతికిచ్చి ఎలా పంపుతున్నారు?

ఢిల్లీ బయలుదేరినప్పుడు నా మనసులో ఈ ప్రశ్న లేదు. మా చెల్లెలి కూతురు సౌజన్య కరోల్ బాగ్‌లో గది అద్దెకు తీసుకుని సివిల్స్‌కి చదువుతోంది. వచ్చే నెలలో మెయిన్స్. తనకిదే ఆఖరి అవకాశం. చెల్లెలికి మోకాళ్ళు సహకరించక, రెండు పచ్చడి డబ్బాలు నాకిచ్చి పంపింది. విజయవాడలో పొద్దున్న ఎక్కిన రైలు మర్నాడు మధ్యాహ్నానికి న్యూఢిల్లీ చేరాలి, చేరేసరికి సాయంత్రమైంది. ఈ దారిన వెళ్ళేవారు రెండు పూటలకి సరిపడా పులిహోర కట్టుకోండి. రైల్లో ఇచ్చే పప్పులో పప్పు వెతుక్కోవాలి.

సౌజన్య ఉండే ఇంట్లో బయటివాళ్ళు రాత్రి ఉండకూడదు. పక్క గల్లీలోనే నాకొక లాడ్జిలో గది చూసి పెట్టింది. దిగేవాళ్ళు వెనకవైపు గది అడగండి, ముందువైపు హారన్ల మోతకి నిద్ర పట్టదు. పచ్చడి డబ్బాలు అందుకుంటూనే అసలు సంగతి చెప్పింది.

"పెద్దమ్మా, రేపు నోయిడా వెళ్దాం. పెన్నుల ఎగ్జిబిషన్ ఉంది. ఒకటి కొనాలి."

"పెన్ను కోసం నోయిడా దాకానా? కింద కొట్లో దొరకదా?"

"ఆ పెన్ను కాదు. మా బ్యాచ్‌లో అందరూ కొన్నారు. నువ్వు మాత్రం స్పీచ్ మొదలెట్టకు, ప్లీజ్."

మర్నాడు పదింటికి మెట్రో ఎక్కాం. కరోల్ బాగ్ నుంచి నోయిడాకి మధ్యలో మారే పని లేదు, ఒకటే లైను. రాజీవ్ చౌక్‌లో మాత్రం తలుపుల దగ్గర నిలబడకండి, దిగే జనం మిమ్మల్ని కూడా దింపేస్తారు. యమున దాటేసరికి కూర్చోవడానికి చోటు దొరికింది. ఆ పెన్ను ఏమిటో సౌజన్య అప్పుడు చెప్పింది. పేరున్న డిజైనర్లు చేసిన, లోపల ఇంకు ముందే నింపిన పెన్ను. మూతలో బుధుడి పచ్చరాయి. మూత చుట్టూ ఎర్రదారం, దాని మీద లక్క సీలు. పరీక్ష హాల్లో మొదటి జవాబు రాసేదాకా ఆ సీలు తియ్యకూడదు. ముందే తీస్తే ఫలితం పోతుంది.

నేను నోరు తెరిచాను. "పెద్దమ్మా!" అంది. మూసుకున్నాను.

ప్రదర్శన ఒక పెద్ద మాల్ కింది అంతస్తులో పెట్టారు. నిజం చెప్పాలి, చాలా బాగుంది. చేపల గుంపు ఈదుతున్నట్టు లక్క మీద బొమ్మలు వేసిన పెన్నులు, పాత తాళంచెవుల ఆకారంలో చొక్కా గుండీలు, వేప ఆకంత పల్చటి ఇత్తడి కార్డు పెట్టెలు. మనిషి చేతికి ఇంత ఓపికా అనిపించింది. వాటి దగ్గర జనం లేరు. జనమంతా మూలనున్న బల్ల చుట్టూ మూగి ఉన్నారు. అక్కడున్నవి సీలు వేసిన పెన్నులు.

బల్ల వెనక ముప్పై దాటని డిజైనరు ఉంది. నేను నమూనా చేతిలోకి తీసుకుని, రాసి చూస్తానన్నాను.

"సారీ ఆంటీ, సీల్ నహీఁ ఖుల్తా. ఓపెన్ చేస్తే ఎఫెక్ట్ పోతుంది అంటారు," అంది. ఆమెకి తెలుగు వచ్చు. హైదరాబాద్‌లో చదువుకుందట.

"అంటారా? అనేది ఎవరమ్మా? నువ్వేనా?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "పెన్ను నా డిజైన్ ఆంటీ. రాయి, దారం కంపెనీ వాళ్ళ ఐడియా. అవతల చేపల పెన్నులున్నాయి కదా, అవి కూడా నావే. మూడు రోజులైంది, ఒక్కరూ ముట్టుకోలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కొనేవాళ్ళని మోసం చేయడం ఒక దుర్మార్గం. ఒక కళాకారిణి పనితనానికి విలువ లేదని ఆమెకే నమ్మకం కలిగించడం మరొకటి. నేను గట్టిగా మాట్లాడితే నలుగురూ తిరిగి చూశారు. సౌజన్య నా మోచెయ్యి పట్టి పక్కకి లాగింది. దాని కళ్ళలో నీళ్ళు.

"నువ్వు చెప్పేవన్నీ నాకు తెలుసు. నాకు రాయి మీద నమ్మకం లేదు. భయంగా ఉందంతే. అందరి దగ్గరా ఉండి నా దగ్గర లేకపోతే, హాల్లో అదే గుర్తొస్తుంది."

నేను పక్కకి తప్పుకున్నాను. అది పెన్ను కొంది. ఆ వ్యాపారులు అమ్మేది రాయి కాదని నాకప్పుడు అర్థమైంది. ముందు భయం పుట్టించి, తర్వాత దానికి మూత అమ్ముతున్నారు.

ఛోలే కుల్చే తిని తిరుగు మెట్రో ఎక్కాం. మా ఎదుటి సీట్లో ఒక పెద్దాయన. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, జనక్‌పురిలో ఇల్లు. సౌజన్య చేతిలోని పెట్టె చూసి పలకరించారు.

"తెలుగువాళ్ళేనా అమ్మా? ఆ పెన్నేనా? మంచి పని చేశావు. మా అమ్మాయి కూడా పోయినసారి దాంతోనే రాసింది."

సౌజన్య ముఖం విప్పారింది. "సెలెక్ట్ అయ్యిందా అంకుల్?"

"లేదమ్మా. ఇంకు లోపల ఎండిపోయిందో ఏమో, మొదటి పేజీలోనే మొరాయించింది. విదిలిస్తే పేపరు నిండా మరకలు. పాపం, ఇంకో పెన్ను వెతుక్కునేసరికి టైమ్ పోయింది."

"మరి కంపెనీవాళ్ళని అడగలేదా?" అన్నాను.

"అడిగానండీ. జాతకం చూసి, రాయి తప్పు పడిందన్నారు. ఈసారి మా అబ్బాయికి పుష్యరాగం పెట్టించాం." ఆయన సంచి తెరిచి, అలాంటిదే పెట్టె గర్వంగా చూపించారు.

నేను అనాల్సిందంతా ఆయనే అన్నారు. సౌజన్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కరోల్ బాగ్‌లో దిగేటప్పుడు ఆయన ఆల్ ద బెస్ట్ చెబితే, తల ఊపింది.

గదికి వెళ్ళగానే అది కత్తెర తీసుకుని దారం కత్తిరించింది. పాత ప్రశ్నపత్రం ముందేసుకుని రాయడం మొదలుపెట్టింది. మొదటి గీత పడలేదు. రెండోసారి ఇంకు బొట్టు పడి కాగితం వెనక్కి దిగింది. ఎలాగో దారిలోకి తెచ్చింది కానీ, వెనక తగిలించిన మూతలోని రాయి బరువుకి రెండో జవాబు పూర్తికాకముందే వేళ్ళు లాగేశాయి. పెన్ను పక్కన పెట్టి, రోజూ రాసే ప్లాస్టిక్ పెన్ను తీసుకుని అదే జవాబు మళ్ళీ మొదటినుంచి రాసింది.

"ఇది హాల్లో జరిగి ఉంటే, పెద్దమ్మా?" అంది తల ఎత్తకుండా. తర్వాత ఆ డిజైనరు పెన్నుని కూడా పరీక్ష సంచిలో పడేసింది. "రాయనులే. ఊరికే ఉండనీ." నేను తియ్యమనలేదు. ఆ భయం ఒక్కరోజులో పుట్టలేదు, ఒక్కరోజులో పోదు.

తిరుగు రైల్లో ఇది రాస్తున్నాను. ఢిల్లీలో నాకు మిగిలిన దృశ్యం కోటలూ కాదు, మాల్ వెలుగులూ కాదు. చేపల పెన్నుల ముందు ఖాళీగా పడి ఉన్న జాగా, మూల బల్ల దగ్గర డిగ్రీలున్న వాళ్ళ తోపులాట. చరిత్ర, విజ్ఞానశాస్త్రం, రాజ్యాంగం కంఠతా చదివి రేపు జిల్లాలు పాలించబోయేవాళ్ళే, రాసి చూడొద్దంటే సరేనని తలూపుతున్నారు.

మీ ఇంట్లో పరీక్ష రాసే పిల్ల ఉంటే దాని సంచి ఈరోజే తెరిపించండి. సీలు వేసిన పెన్ను కనిపిస్తే, దారం మీరు తెంచకండి, ఆ పిల్ల చేతే తెంచించండి. పక్కన కూర్చుని పది పేజీలు రాయించండి. ఇక ముందు ఏ బల్ల దగ్గరైనా రాసి చూడకూడదంటే, ఎందుకు కూడదో నలుగురూ వినేలా అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.