మూడు తరాలు అడిగే డాక్టరమ్మ

మా పై వాటాలో కిరాయికి దిగిన భ్రమరాంబ డాక్టరమ్మకు ఒకటే పిచ్చి. మనిషి కనబడితే చాలు, మూడు తరాల పుట్టుపూర్వోత్తరాలు అడుగుతుంది. చెప్పినవాళ్లందరినీ కాగితం మీద గీస్తుంది: మగవాళ్లకు డబ్బా, ఆడవాళ్లకు సున్నా, పోయినవాళ్లకు అడ్డగీత. కాగితం లేకపోతే పెళ్లిపత్రిక వెనకాల గీసేది. పాలవాడు తన అమ్మమ్మ పేరు చెప్పేదాకా గిన్నె పట్టేది కాదు.

దవాఖానలో ఏం పని అంటే, వంశాల్లో వచ్చే రోగాలు చూస్తానంది. సూది లేదు, గోలీ లేదు, ఇదేం డాక్టరీ? అప్పుడే మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్నాయి. హఫీజ్‌పేటలో మా రాళ్లచెలకకూ ధర వచ్చింది. ఆ రోజుల్లో తాత పేరు అడిగినవాడల్లా భూమి కోసం వచ్చినవాడే. ఈమె వాటాదార్లను వెతుకుతోందని తేల్చుకున్నాను.

"మీ ఆయనకు అక్కచెల్లెళ్లు ఎంతమందండి?" అంది ఓ రోజు.

"ఒక్కరు గూడ లేరు."

మా ఆడబిడ్డ లింగంపల్లిలో నిక్షేపంగా ఉంది. డాక్టరమ్మ మర్నాడు మళ్లీ అడిగింది. మళ్లీ లేరన్నాను. ఎన్ని అబద్ధాలు చెప్పినా మొహం మాడ్చుకోదు, అదొకటి మెచ్చుకోవాలి.

అంతకుముందు నా కోడలి మొదటి బిడ్డ నెత్తురు లేక తెల్లబడి, ఏడాది నిండకుండానే పోయాడు. అప్పటికి కోడలు మళ్లీ కడుపుతో ఉంది. దాని నెత్తురే మంచిది కాదని, పుట్టింటికి పంపి నా కొడుకు ఎల్లేశానికి ఇంకో పిల్లను చూద్దామని అన్నది నేనే. కోడలేమో రోజూ మేడమెట్లు ఎక్కుతోంది. ఇద్దరూ కలిసి భూమి కాగితాలు చేస్తున్నారని ఓ పొద్దున తలుపు తోసి నిలదీశాను.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టింది. "తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తేనే ఈ జబ్బు బిడ్డకు దిగుతుందండి. ముందే తెలిస్తే కడుపులో బిడ్డకు పరీక్ష చేయించొచ్చు. లోపం తమ వైపు లేదని మీ అబ్బాయి పరీక్షకు రక్తం ఇవ్వనంటున్నారు."

వద్దని వాడికి చెప్పింది కూడా నేనే.

"మా ఆడబిడ్డ కొడుకులిద్దరు గూడ గిట్లనే తెల్లబడి పోయిండ్రు," అన్నాను. "గింత ముచ్చటకు గల్లీ మొత్తం ఎందుకు తిరిగినవ్?"

"మీ ఒక్క ఇంట్లోనే అడిగితే అందరి కళ్లూ మీ కోడలి మీద పడతాయి కదండీ. అందర్నీ అడిగితే నన్ను పిచ్చిదంటారు, అంతే."

ఎల్లేశాన్ని రెక్క పట్టుకుని నేనే దవాఖానకు తీసుకుపోయాను. ఆ సగం వాడి నెత్తురులోనూ తేలింది. సంబంధం తెచ్చిన రత్నమ్మకు ఆ మాట వాకిట్లోనే చెప్పి పంపేశాను. కడుపులో బిడ్డకు పరీక్ష చేసి భయం లేదన్నారు.

ఇప్పుడు డాక్టరమ్మ గల్లీలోకి ఒక్కతే పోదు, నేనూ వెంట ఉంటాను. ఆమెకు ఓపిక ఉంది గానీ, ఎదుటివాళ్లు దాస్తున్నారన్న అనుమానం లేదు. అది నేను పట్టుకుపోతాను.