స్పిరిట్ ఆరేదాకా

నాకు నర్సు పని నేర్పిన మా పెద్ద సిస్టర్ పోయారని ఫోన్ వచ్చేసరికి నేను నల్గొండలో వార్డు డ్యూటీలో ఉన్నాను. మందులు ఎక్కించే టైం, ఏడవడానికి కూడా తీరిక లేదు. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. చివర్లో ఆమె హైదరాబాద్‌లో ఒక దవాఖానలో ఉన్నారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ చేరిందన్నారు. ఎటునుంచి చేరిందో ఎవరూ చెప్పలేరు. నా మనసు మాత్రం ఆమె చేతి సెలైన్ గొట్టానికున్న క్యాప్ మీదకే పోతోంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆ క్యాపులు మా వార్డుకు వచ్చాయి. సూది అక్కర్లేదు, సిరంజి మొన పెట్టి తిప్పితే మందు లోపలికి పోతుంది. చేతికి సూది గుచ్చుకునే బాధ తప్పిందని మేమంతా సంబరపడ్డాం. పెద్ద సిస్టర్ మాత్రం సంబరపడలేదు. కిటికీ దగ్గర నిలబడి, ఒక క్యాప్‌ను బియ్యంలో రాళ్లు చూసినట్టు చూశారు.

"పైన సాపుగున్నది, తుడ్సుడు అల్క. గని గీ అంచు చుట్టు సందు జూడు. గీడ మురికి కూసుంటె పోదు. అద్దం లెక్క లోపల కనవడేటి క్యాపులే నయం, నెత్తురు మిగిలితె తెలుస్తది" అన్నారు. మళ్లీ మా వైపు తిరిగి, "సూది పోయిందని భయం పోగొట్టుకోకుండ్రి" అన్నారు.

ఆమెకు అన్నిట్లోనూ తొందరే. చాయ్ ఊదకుండా తాగేవారు. మన మాట సగంలో ఉండగానే జవాబు చెప్పేవారు. క్యాప్ తుడిచాక మాత్రం స్పిరిట్ ఆరేదాకా సిరంజి పట్టుకుని కదలకుండా నిలబడేవారు. "తడి మీద పెడితె తుడిసినట్టె గాదు" అనేవారు. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు నేనూ అలాగే నిలబడతాను, కొత్త పిల్లలకు ఒళ్లు మండుతుంది. నా చేతిలో ఇంత జాగ్రత్త ఉందంటే అది ఆమె పెట్టిన భిక్షే.

ఒకసారి దేవరకొండ వైపు గొర్ల కాపరుల పిల్ల చాలా రోజులు మా వార్డులో ఉంది. వాళ్ల అవ్వ యాదగిరిగుట్టకు పోయొచ్చి, పిల్ల చేతికి వేసిన కొత్త క్యాప్‌కు బొట్టు పెట్టింది, కొత్త బండికి, కొత్త బోరు మోటరుకు పెట్టినట్టే. అంచు సందు నిండా కుంకుమ. నేను అరవబోయాను. పెద్ద సిస్టర్ నన్ను ఆపి, క్యాప్ మార్చి, అవ్వ పక్కన కూర్చున్నారు.

"అవ్వా, బొట్టు పిల్ల నొసట పెట్టు. దీనికి స్పిరిటే బొట్టు. ఎవలన్న తుడ్వకుంట ముట్టిన్రనుకో, లొల్లి చెయ్యి."

"డాక్టర్ సారు ముట్టుకుంటెనో?"

"ఆయన మీద ఇంక జరంత ఎక్కువ చెయ్యి."

అవ్వ చేసింది కూడా. పిల్ల నవ్వుకుంటూ ఇంటికి పోయేదాకా మమ్మల్నెవరినీ వదల్లేదు.

పెద్ద సిస్టర్ పక్కన లొల్లి చేయడానికి ఎవరూ లేరు. ఐసీయూలో మనిషిని ఉండనివ్వరు. ఆమె పోకముందు ఒకసారి చూడ్డానికి వెళ్తే, నన్ను కాసేపే లోపలికి పంపారు. పిలిస్తే పలకలేదు, కళ్లు తెరవలేదు. ఎడమ అరచెయ్యి మాత్రం కుడి చేతి క్యాప్‌ను కప్పుకుని ఉంది. అక్కడి సిస్టర్ మందు ఇవ్వడానికి వచ్చి, ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టింది. స్పిరిట్ దూదితో తుడిచింది. ఆరేదాకా ఆగిందో లేదో చూసేలోపే నన్ను బయటికి రమ్మన్నారు. తలుపు మూసుకుంటుంటే చూశాను, ఆ ఎడమ చెయ్యి దుప్పటి మీద తడుముకుంటూ మళ్లీ క్యాప్ వైపు పోతోంది.